జబ్బు ఒకరిది, మాత్ర ఒకరిది

లిఫ్ట్ మెకానిక్ చాలా ఏళ్ళుగా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటున్నాడు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు వేసుకునే మాత్ర. దాని పుణ్యమా అని రక్తపరీక్షల్లో వైరస్ కనబడడం ఎప్పుడో మానేసింది. కనబడనంత కాలం ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పారు. అతను నమ్మాడు. అతనికన్నా ముందు అతని భార్య నమ్మింది.

ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. స్కూలు సొంత అన్నయ్యదే. మెకానిక్ ఆ స్కూల్లోనే నేర్చుకోవడానికి చేరాడు. ఒకరోజు సందులో బండి వెనక్కి తీస్తూ, "మీకో సంగతి చెప్పాలి. నాకు హెచ్‌ఐవి ఉంది," అన్నాడు. ఆమె అద్దంలోకి చూసి, "ముందు ఆ స్తంభం సంగతి చూడండి," అంది. బండి స్తంభానికి తగిలింది. సొట్ట తీయించాక ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

జబ్బు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకు అసలే చెప్పలేదు. అన్నయ్య మంచివాడే గాని, ఎవరైనా తుమ్మితే వాళ్ళు దిగాక సీటు కడిగించే రకం.

మెకానిక్ పరీక్షలకు వెళ్ళే ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. ఒకసారి ఆమె అతన్ని కూర్చోబెట్టి, ఇష్టమైతేనే సుమా అంటూ మొదలుపెట్టింది. మాత్రలు వైరస్‌ను పెరగనివ్వవు గాని చంపవు. అది కణాల్లో దూరి పడుకుంటుంది. మాత్రలు ఆపితే లేస్తుంది. అందుకని ఇప్పుడు మూడు మందులు కలిపి ఇచ్చి చూడబోతున్నారు. ఒకటి వైరస్‌ను గుర్తుపట్టడం ఒంటికి నేర్పే టీకా. రెండోది పడుకున్న వైరస్‌ను తట్టిలేపే మందు. మూడోది లేచినదాన్ని పట్టుకునే యాంటీబాడీలు. ఇవన్నీ అయ్యాక మాత్రలు ఆపేసి, ఒళ్ళు తనంతట తాను వైరస్‌ను అదుపులో పెట్టగలదేమో చూస్తారు.

"వీటిని ఒక్కొక్కటిగా ఇచ్చి చూశారా?" అని అడిగాడు మెకానిక్.

"చూశాం. ఒక్కటీ సరిపోలేదు."

"మూడు పనికిరానివి కలిస్తే పనికొస్తాయంటారు."

"పనికిరానివని నేననలేదు. సరిపోనివన్నాను."

లిఫ్టును కూడా ఒక్క తాడు మీద వేలాడదీయరని అతనికి గుర్తొచ్చింది. "దీనివల్ల నాకేమిటి లాభం?" అన్నాడు.

"మీకు ఏమీ ఉండకపోవచ్చు. మీ తర్వాత వచ్చేవాళ్ళకి ఉండొచ్చు."

ఆస్పత్రిలో ఇంత సూటిగా మాట్లాడినవాళ్ళు అతనికి తగల్లేదు. తను ఇన్నాళ్ళూ మింగిన మాత్రను కూడా ఎవరో ఒకరు ఏమవుతుందో తెలియకుండా మొదట మింగే ఉంటారు. సరేనన్నాడు.

"ఆగండి, ఇంకొకటుంది," అంది డాక్టరమ్మ. "మాత్రలు ఆపాక వైరస్ లేస్తే మీ ఆవిడకి ప్రమాదం. కండోమ్ తప్పదు. దానికి తోడు ఆవిడ కూడా ముందుజాగ్రత్తగా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆవిడ ఒప్పుకోకపోతే మిమ్మల్ని చేర్చుకోను."

తర్వాతిసారి భార్య కూడా వచ్చింది. అంతా విని, "అంటే ఈయన మానేస్తారు, నేను మొదలుపెడతాను," అంది.

"అంతే."

"ఇన్నాళ్ళూ ఈయనకి నేను గుర్తుచేశాను. ఇక నాకు ఈయన గుర్తుచేస్తారా?"

"చేస్తాను," అన్నాడు మెకానిక్.

"తన మాత్రే తనకి గుర్తుండదు డాక్టరుగారూ. అయినా సరే, నాకు సమ్మతమే."

బయటికొచ్చాక అతను, "నీకు భయం లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? బండి నేర్పడం మొదలెట్టిన రోజు నుంచీ ఉంది. మానేశానా మరి?"

టీకా జబ్బకు పొడిచారు. యాంటీబాడీలు సెలైన్‌లాగా నరంలోకి ఎక్కించారు. తట్టిలేపే మందు పడ్డ రోజున మాత్రం అతనికి చలిజ్వరం పట్టుకుంది. మంచం కోళ్ళు టకటకలాడాయి.

"వణుకొస్తోంది సిస్టర్."

"మంచిదే," అంది నర్సు, ఇంకో దుప్పటి కప్పుతూ. "మందు పనిచేస్తోందన్నమాట."

"చేయకపోతే?"

"హాయిగా ఉండేవారు."

అన్నీ పూర్తయ్యాక మాత్రలు ఆపేశారు. భోజనం కాగానే అతని చెయ్యి అలవాటుగా అలమర మీదికి వెళ్ళి, ఏం చేయాలో తెలియక అక్కడున్న గుడ్డను మడతపెట్టి వచ్చింది. కొత్తగా మొదలెట్టిన మాత్రతో భార్యకు మొదటి రోజుల్లో కడుపులో తిప్పింది. ఒకసారి పాఠం మధ్యలో కారు ఆపించి, దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నేర్చుకుంటున్న ఆయన స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. తన డ్రైవింగ్ వల్లేనని ఆయన బాధ.

"నాకూ మొదట్లో ఇలాగే ఉండేది," అన్నాడు మెకానిక్ ఇంట్లో. "తగ్గిపోతుంది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పారా నాకు?"

"తగ్గిపోయింది కదా."

సాయంత్రం పాఠాలు ఆలస్యమవుతాయని ఆమె మాత్రల డబ్బాను కారు డాష్‌బోర్డు అరలో పెట్టుకునేది. ఒకనాడు అద్దం తుడిచే గుడ్డ కోసం అన్నయ్య ఆ అర తెరిచాడు. డబ్బా మీది పేరు చదివి, ఫోనులో వెతికాడు. హెచ్‌ఐవి మందని రాగానే డబ్బాను ఉన్నచోటే పెట్టి అర మూశాడు.

చెల్లెల్ని ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి ఆమె పాఠాలు తగ్గించాడు. ఆమె సీటుకు కొత్త తొడుగు వేయించాడు. ఆఫీసులో టీ కప్పులన్నీ తెల్లవైతే, ఆమెకు మాత్రం నీలం కప్పు కొనుక్కొచ్చాడు. చాలా ఆప్యాయంగా ఇచ్చాడు.

ఆమెకు విషయం అర్థమైంది. అన్నయ్యకు నిజం చెప్పాలంటే మొగుడి సంగతి చెప్పాలి. అది అతను చెప్పుకోవాల్సింది, తను కాదు. నీలం కప్పులోనే తాగింది.

ఆమె పెందలాడే ఇంటికొస్తుంటే మెకానిక్ ఒకరోజు అడిగాడు. "పాఠాలు లేవా?"

"అన్నయ్య నన్ను విశ్రాంతి తీసుకోమంటున్నాడు."

"ఎందుకు?"

"నాకు హెచ్‌ఐవి ఉందిగా."

అతను పనిసంచీ కింద పెట్టాడు. ఆమె అంతా చెప్పింది.

"మరి నువ్వేమన్నావు?"

"కప్పు బాగుందన్నాను."

మర్నాడు అతను పనికి పోకుండా స్కూలుకు వెళ్ళాడు. బావగారు కారులో కూర్చుని హారన్ పనిచేస్తుందో లేదో చూస్తున్నాడు. మెకానిక్ పక్కసీట్లో కూర్చుని తలుపేశాడు.

"ఆ జబ్బు నాది బావగారూ. ఆవిడది కాదు."

బావగారు హారన్ మీంచి చెయ్యి తీశాడు. "మా చెల్లికి లేదా?"

"లేదు."

"నీకుంది."

"ఉంది."

"మరి మాత్ర నువ్వు కదా వేసుకోవాలి?"

"నేను మానేశాను."

"ఎవరు మానమన్నారు?"

"డాక్టర్లే."

"జబ్బున్నవాణ్ణి మానమని, లేనిదాన్ని మింగమన్నారా? ఎవరయ్యా ఆ డాక్టర్లు?"

మెకానిక్ ఆ మూడు మందుల సంగతంతా తనకు అర్థమైనంత మేరకు చెప్పాడు. బావగారి ముఖంలో మొదట ఊరట కనబడింది, దాని వెనకే కోపం వచ్చింది. "పెళ్ళికి ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను, మీ చెల్లికి."

"నాకు?"

"మిమ్మల్ని చేసుకోవట్లేదు కదా బావగారూ."

బావగారు హారన్ మీది దుమ్ము తుడిచాడు. "చెల్లికి వేరే కప్పు పెట్టాను," అన్నాడు. "ఒక్క మాట అనలేదది."

"ఏమన్నా అంటే నా సంగతి బయటపడుతుందని ఊరుకుంది."

ఆ రోజునుంచి చెల్లెలి పాఠాలు మళ్ళీ మామూలయ్యాయి. మెకానిక్‌తో మాత్రం బావగారు చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు చెప్పాపెట్టకుండా అతని వెంట ఆస్పత్రికి వచ్చి, డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"కప్పువల్ల వస్తుందాండీ?"

"రాదు."

"సీటువల్ల?"

"రాదు."

"మరి ఇన్నేళ్ళూ నేను సీట్లెందుకు కడిగించానంటారు?"

"అది నాకు తెలీదు," అంది డాక్టరమ్మ.

ఆ రోజే ఇంకో కబురు కూడా తెలిసింది. వైరస్ లేచింది. కొద్దికొద్దిగా పెరుగుతోంది. ఒక గీత దాటితే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాలి. దాటేదాకా వేచి చూడవచ్చు. ఆ వారాల్లో మెకానిక్ ఎక్కడ పనిచేస్తున్నా, ఆస్పత్రి నుంచి కబురొస్తుందని ఫోను జేబులోంచి తీసి ఎదురుగా పెట్టుకున్నాడు. భార్య మాత్రలు ఒక్కటి కూడా తప్పలేదు. అతను గుర్తుచేయకముందే వేసుకుని, డబ్బా అతని ముందు గలగలలాడించేది. రాత్రి పక్కమీద ఇద్దరూ వెల్లకిలా పడుకుని పైకప్పు చూసేవాళ్ళు.

గీత దగ్గరిదాకా వచ్చిన వైరస్ అక్కడ ఆగింది. ఆ తర్వాత తగ్గడం మొదలెట్టింది. డాక్టరమ్మ నమ్మక మళ్ళీ రక్తం తీయించింది. అప్పుడూ తగ్గే ఉంది.

"ఏం చేశారు మీరు?" అంది.

"ఏమీ చేయలేదండీ. లిఫ్టులు బాగుచేశాను."

"మీ ఒళ్ళే పట్టి ఉంచింది. మాత్రలూ కాదు, యాంటీబాడీలూ కాదు. వాటి ప్రభావం ఈపాటికి అయిపోయి ఉంటుంది."

మెకానిక్ తన చేతుల వంక చూసుకున్నాడు. మోకాళ్ళూ నడుమూ కళ్ళూ ఒక్కొక్కటే చెప్పిన మాట వినడం మానేస్తున్న వయసులో, లోపలెక్కడో ఇంకేదో వింటోంది. ఇంటికి నడిచే వెళ్ళాడు. దారి పొడుగునా ఎవరికైనా చెప్పాలనిపించింది గాని చెప్పడానికి ఎవరూ దొరకలేదు.

అలా దాదాపు ఏడాది వైరస్ అదుపులోనే ఉంది. ఆ తర్వాత అతనికి మామూలు జలుబూ జ్వరమూ వచ్చాయి. అవి పోయాయి గాని వైరస్ పైకెక్కడం ఆగలేదు. ఈసారి గీత దాటింది. డాక్టరమ్మ పాత మాత్రల డబ్బా బల్లమీద పెట్టింది.

"అయితే పోయినట్టేనా?" అన్నాడతను.

"ఏడాది ఎలా ఆగిందో మాకు తెలియాలి. ఇప్పుడెందుకు ఆగలేదో కూడా తెలియాలి. వైరస్ అదుపు తప్పనివాళ్ళ వల్ల ఆ రెండోది తెలీదు. ఇంకాస్త రక్తం కావాలి."

చొక్కా చెయ్యి పైకి మడిచి ఇచ్చాడు. అతనితో పాటు చేరినవాళ్ళలో కొందరికి నెల తిరక్కుండానే వైరస్ లేచిందట. ఆస్పత్రిలో ఎప్పుడూ ఎదురు కుర్చీలో ఊలు అల్లుకుంటూ కూర్చునే ఆవిడకు మాత్రం ఇంకా లేవలేదట.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆమె రక్తపరీక్ష ఫలితం కూడా అప్పుడే వచ్చింది, ఏమీ లేదు. అతని వైరస్ మళ్ళీ అణిగేదాకా ఆమె మాత్ర వేసుకుంటూనే ఉండాలి. ఆమె రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి బల్లమీద పెట్టింది.

"నాకు కొంచెం బాధగా ఉందే," అన్నాడతను.

"ఉండదా మరి? ఏడాది కాపలా కాశారు."

"ఆ ఊలు అల్లే ఆవిడకి ఇంకా లేవనే లేదట."

"కుళ్ళుగా ఉందా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ఉంది."

"నాకూ ఉంది," అందామె. "ముందు మింగండి, అన్నం చల్లారిపోతోంది."