మూడో బకెట్

ఫిలీపా వచ్చిన మొదటి నెలలో తోరున్‌కి ఆ పిల్ల మీద జాలే ఉండేది. పోర్చుగల్‌లో మంచు మొహం ఎరగని ఊరు వాళ్ళది. కొండల్లో తిరగడం, మంచులో గుంట తవ్వుకుని పడుకోవడం నేర్పే కాలేజీ ఒకటి ఈ నార్వే లోయలో ఉందని ఏడాది చదువుకి వచ్చింది. స్కీల మీద నిలబడితే చాలు, పడిపోయేది. తోరున్ అమ్మమ్మ ఓషిల్ ఇంట్లో మేడ మీద గది తీసుకుంది.

ఆ జాలి క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు.

ఓషిల్ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. పదిహేడేళ్ళలో తోరున్‌ని మెచ్చుకున్నది రెండుసార్లు. అలాంటి అమ్మమ్మ సాయంత్రం అయ్యేసరికి ఫిలీపాని పక్కన కూర్చోబెట్టుకుని పేపర్ చదివించుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఒక్కో మాటనీ తడుముకుంటూ, నమిలి మింగుతూ చదివేది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని చర్చిలో కూర్చున్నట్టు వినేది.

"నేను చదవనా? గంట పట్టేది పది నిమిషాల్లో అయిపోతుంది," అంది తోరున్ ఒకరోజు.

"నీకు నార్వే భాష వచ్చుగా. దానికి కదా రావాల్సింది," అంది అమ్మమ్మ.

సూదిలో ఊలు దారం ఎక్కించాలన్నా ఫిలీపాయే. కాఫీ పోయాలన్నా ఫిలీపాయే. బయటికి వెళ్తే అమ్మమ్మ దాని మోచేయి పట్టుకుని నడిచేది. ఎప్పుడో తోరున్ చేయి ఇవ్వబోతే "నా కాళ్ళేమైనా విరిగాయా" అని విదిలించేసిన మనిషి. తోరున్‌కి ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి తలుపులు దబదబా వేసేది. పరాయి పిల్లని చూసి కుళ్ళుకుంటున్నానని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గలేదు.

కాలేజీ జూన్‌లో అయిపోయినా ఆ పిల్ల ఆగస్టు దాకా ఉండిపోయింది. ఆగస్టు అంటే ముల్తె పళ్ళ కాలం. బురద నేలల్లో, మోకాలెత్తు కూడా ఉండని మొక్కకి ఒక్కటే కాసే పసుపు పండు. ఆ లోయలో జనం విడాకుల సంగతి చెప్పుకుంటారు, ఆపరేషన్ల సంగతి చెప్పుకుంటారు, ముల్తె ఎక్కడ కోశారో మాత్రం కన్న బిడ్డలకి కూడా చెప్పరు. అడిగితే "అడవిలో" అంటారు. ఓషిల్ చోటు తోరున్ వాళ్ళ అమ్మకే తెలియదు. "నా కాళ్ళు ఆగిపోయిన రోజు నీకు చూపిస్తాను," అని అమ్మమ్మ తోరున్‌కి చిన్నప్పుడు మాటిచ్చింది. మెచ్చుకున్న ఆ రెండుసార్లలో అది ఒకటి.

మంగళవారం తోరున్ వెళ్ళేసరికి అమ్మమ్మ వంటింటి బల్ల మీద నిండుగా రెండు బకెట్ల పళ్ళున్నాయి. పక్కన రెండు జతల బూట్లు, రెండింటికీ ఒకే రంగు బురద.

అమ్మమ్మ అవతలి గదిలోకి వెళ్ళగానే తోరున్ గొంతు తగ్గించి అడిగింది. "ఎక్కడ కోశారు?"

ఫిలీపా తల ఎత్తలేదు. "అడవిలో," అంది, ఆ ఊళ్ళోనే పుట్టినదానిలా.

తోరున్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

తర్వాత రెండు రోజులూ ఆ ఇంటి ముందే కాపలా కాసింది. గురువారం పొద్దున్న వాళ్ళిద్దరూ మూడు బకెట్లు పట్టుకుని బయల్దేరారు. రెండు చాలక మూడోదా, ఊడ్చుకుపోండి అనుకుంటూ తోరున్ వెనకే వెళ్ళింది. వంతెన దాటి, ఎడమ దారి పట్టి, భూర్జ చెట్ల వెనక నక్కింది.

ముందు అర్థం కాలేదు. ఫిలీపా అమ్మమ్మ చేతిని పట్టుకుని ఒక్కో పండు మీదా పెడుతోంది. "ఇక్కడ. ఇది పండింది. దాని పక్కది వద్దు." అమ్మమ్మ వేళ్ళు గాల్లో తడుముకుని, ఆకుల్లో తడుముకుని, పండుని దొరకబుచ్చుకుంటున్నాయి.

పేపరు, సూది, కాఫీ, మోచేయి. అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

తోరున్‌కి ఏడుపొచ్చింది. అమ్మమ్మ మీద జాలితో అయితే బాగుండేది. ఇంత సంగతి కూడా దానికే చెప్పిందే అన్న కడుపుమంటతో వచ్చింది. చప్పుడు చెయ్యకుండా ఇంటికొచ్చేసింది.

శనివారం ఫిలీపా బస్సెక్కింది. వెళ్తూ తోరున్‌ని కావలించుకుంది. తోరున్ కట్టెలా నిలబడింది.

ఆదివారం పొద్దున్నే తోరున్ బూట్లు తొడుక్కుని వెళ్ళి అమ్మమ్మ ఇంటి గుమ్మంలో నిలబడింది. "పళ్ళు ఇంకో వారం ఉంటాయి. మోయడానికి నేనొస్తాను, పద."

అమ్మమ్మ కోటు తీసుకుంది.

వంతెన దాటాక అమ్మమ్మ కుడి దారిలోకి తిరిగింది. అటు నిలువులోతు ఊబి. తప్పు దారి అని చెబితే తను దొంగతనంగా వెంబడించిన సంగతి బయటపడుతుంది. నాలుగడుగులు తోరున్ నోరు విప్పలేదు.

"ఎడమకి, అమ్మమ్మా."

అమ్మమ్మ ఆగింది. "తెలుసు. నువ్వు చెబుతావా లేదా అని చూశాను."

"నేనొచ్చింది నీకు..."

"చెట్ల వెనక ముక్కు ఎగబీల్చావుగా. కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. రెండు రోజులు మా ఇంటి ముందే తిరిగావు, వెనకే వస్తావని తెలుసు. మూడో బకెట్ ఎవరికనుకున్నావు?"

"పిలవచ్చుగా," అంది తోరున్.

"ఏమని పిలవను? నాకు కనబడటం లేదు, రా అనా? దానికి చెప్పడం సులువు. వెళ్ళిపోయే పిల్ల. నువ్వైతే రేపు కూడా నా మొహం చూస్తావు." అమ్మమ్మ ఎడమ దారి వైపు తిరిగింది. "కాళ్ళు ఆగిపోతే చూపిస్తానన్నాను. కళ్ళు ముందు పోతాయని నాకేం తెలుసు. నువ్వు బయటికొస్తావేమోనని ఆ రోజు మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అప్పటికే వెళ్ళిపోయావట."

తోరున్ తన మోచేయి ముందుకి చాపింది. అమ్మమ్మ చేయి దాన్ని గాల్లో రెండుసార్లు వెతుక్కుంది. మూడోసారి తోరునే ఆ చేయి అందుకుని తన చేతి మీద పెట్టుకుంది.