నీళ్ల మీద నిలబడని పేరు

వై.ఎన్.హొసకోట బస్టాండు ఎదురుగా ఉన్న వీడియో స్టూడియోలో పేర్లు రాసే పని సుంకులమ్మది. వాళ్లన్న సిద్దప్ప కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్లకు తిరిగితే, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని వధూవరుల పేర్లను పువ్వుల మధ్య తిప్పేది, మెరిపించేది. అంతకు ముందు ఎనిమిదేళ్లు నాన్నతో కలిసి అంగళ్లకు బోర్డులు రాసింది. తర్వాత తుమకూరులో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుంది. తెలుగైనా కన్నడమైనా ఆమె చేతి అక్షరం నిండుగా ఉంటుందని చుట్టుపక్కల పేరు.

తొంభై ఎనిమిది వేసవిలో నూనె మిల్లు లింగప్ప స్టూడియోకి వచ్చాడు. ఊరి కేబుల్ టీవీలో తన వేరుశనగ నూనెకు ప్రకటన వేయించాలని ఆయన కోరిక.

"మడుసులు, పాటలు ఏమీ వద్దు సుంకులమ్మా. తెర నిండా నీళ్లు ఉండాల. ఆ నీళ్ల మీద మా 'సిరిగింజ' పేరు తేలతా ఉండాల. అంతే" అన్నాడు.

"నూనెకు నీళ్లెందుకన్నా?"

"వాన మొగం చూసి ఎన్నాళ్లాయె! ఈ ఎండల్లో నీళ్లు కనబడితే ఎవురన్నా కన్ను తిప్పుకుంటారా?"

మాట బాగుందనిపించి ఆమె ఒప్పుకుంది. మూడు రోజుల్లో కంప్యూటర్ లో నీళ్లు తయారయ్యాయి. చదునైన నీలం పరుపు మీద చిన్న పెద్ద అలలు పుట్టించింది. కదిలిస్తే నిజంగానే చల్లగా కనిపించాయి. వాటి మీద పసుపు రంగు అక్షరాలు పెట్టి చూసింది. నీళ్లు కదులుతున్నాయి, పేరు కదలడం లేదు. గోడకు పోస్టరు అంటించినట్టుంది. సరే, పేరును పైకీ కిందికీ ఊపింది. అప్పుడు దారం కట్టి వేలాడదీసిన ఉయ్యాలలాగా అయింది.

ఎక్కడ తప్పుతున్నదో ఆమెకు అంతుబట్టలేదు. ఆలోచించగా ఒక సంగతి తట్టింది. నీళ్ల మీద వస్తువు ఎలా తేలుతుందో తాను ఎప్పుడూ నిలబడి చూసింది లేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఊరి బయట తిప్పమ్మ తోటకు వెళ్లింది. ఆమె బోరులో ఇంకా కాస్త నీరు వస్తోంది. ఎద్దుల కోసం కట్టిన సిమెంటు తొట్టిలో సగం దాకా నీళ్లున్నాయి. సుంకులమ్మ థర్మకోల్ ముక్కలోంచి కోసిన అక్షరం ఒకటి అందులో వేసి, చేత్తో అలలు లేపింది.

తిప్పమ్మ పరుగున వచ్చింది. "ఏందే అది? ఎద్దులు తాగే నీళ్లలో ఆటలా?"

"ఆట కాదత్తా. తేలేది ఎట్లుంటాదో చూడాల."

"తేలేదా?" తిప్పమ్మ కోపం మరిచిపోయి తొట్టిలోకి వంగింది. "ఇది యాడ తేలతా ఉండాది? నీళ్ల మీద కూచోనుండాది. తేలితే కొంచెమన్నా మునగాల కదా!"

పక్కనే పొయ్యిలోకని పోసుకున్న వేరుశనగ పొట్టు కుప్ప ఉంది. తిప్పమ్మ అందులోంచి సగానికి చీలిన డిప్ప ఒకటి ఏరి తొట్టిలో వేసింది. డిప్ప అడుగు తడిసి నీళ్లలో దిగింది. సుంకులమ్మ ఇంకో అల లేపి, కళ్లు నీటి మట్టానికి వచ్చేలా మోకాళ్ల మీద కూర్చుంది. అల వచ్చేటప్పుడు ముందు ఇవతలి అంచు లేచింది, తర్వాత అవతలిది. అల వెళ్లిపోయాక కూడా డిప్ప ఒక్క క్షణం ఆలస్యంగా ఒరిగింది. దాని అడుగు అంచు మీద నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. కింద నీడ ముక్కలు ముక్కలై మళ్లీ కలుస్తోంది. ఇద్దరూ తలలు ఆనించి చాలాసేపు అలాగే చూశారు. నీళ్లు తాగడానికి వచ్చిన ఎద్దు మూతి పెట్టేదాకా లేవలేదు.

స్టూడియోకి తిరిగి వచ్చి సుంకులమ్మ పేరును కాస్త కిందికి దించింది. అక్షరాల పాదాల మీదుగా నీళ్లు పారేలా చేసింది. అల కంటే పేరు ఒక పిసరు ఆలస్యంగా ఒరిగేలా కట్టింది. విరిగే నీడ కూడా పెట్టింది. ఆ కదలికను చూపే వరస బొమ్మలన్నీ కంప్యూటర్ లో తయారు కావడానికి ఒక పగలంతా పట్టేది. రెండుసార్లు మధ్యలో కరెంటు పోయి, పని మొదటికొచ్చింది. మూడోసారి పూర్తయ్యాక ఆడించి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడింది. పేరు తేలుతోంది.

లింగప్ప వచ్చి చూశాడు. మొదట మొహం విప్పారింది, వెంటనే ముడుచుకుంది.

"నా పేరు మునిగిపోయిందేందిమ్మా?"

"మునగలేదన్నా, తేలతా ఉండాది."

"కాళ్లు మునిగినాయి కదా! మిల్లు పేరు మునిగిందని జనాలు నవ్వరా? పైకి తియ్యి."

ఆమె ఆయన కళ్ల ముందే ఒక్క బొమ్మలో పేరును పైకి తీసింది. లింగప్ప తెరకు దగ్గరగా జరిగాడు. "ఇప్పుడు ఎగరతా ఉండాది. కొంచెం దించు. ఇంగ కొంచెం. ఆ... ఇప్పుడు నీళ్లలో ఉండాది. కానీ మునిగింది!" తలపట్టుకున్నాడు. ఆయనకూ ఇప్పుడు చిక్కు అర్థమైంది. ఎక్కడ ఆపితే మునగకుండా తేలుతుందా అని వేలు తెర మీద పెట్టి వెతికాడు. అలాంటి చోటు లేదు.

"అన్నా, నీళ్లలో దిగేది పేరే కానక్కరలేదు కదా" అంది సుంకులమ్మ మెల్లగా. "పెద్ద చెనక్కాయ డిప్ప వేస్తా. అది దిగతాది. పేరు దాని మీద పొడిగా కూచుంటాది."

లింగప్ప ఆలోచించి గట్టిగా నవ్వాడు. "పొట్టు మునిగితే నాకేమి? గింజ తీసేసినాక మిగిలేది కదా అది! వెయ్యిమ్మా."

వారం తర్వాత ప్రకటన వచ్చేరోజు సుంకులమ్మ బస్టాండు హోటల్లో టీ తీసుకుని టీవీకి ఎదురుగా కూర్చుంది. తెర నిండా నీళ్లు పరుచుకునేసరికి హోటల్లో మాటలు ఆగిపోయాయి. డిప్ప పడవలా ఒరుగుతూ వచ్చింది.

"ఏ చెరువప్పా అది?" అన్నాడు ఒకాయన.

"చెరువేంది! తుంగభద్ర డ్యాం. నేను పోయి చూసినా" అన్నాడు పక్క బల్ల మీది కండక్టర్.

"డ్యాంలో అంత పెద్ద చెనక్కాయ యాడిది?"

"డ్యాం నీళ్లకు కాసినాదేమో!"

సుంకులమ్మ నవ్వు ఆపుకుని గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. అప్పుడే ఆమెకు ఒకటి కనిపించింది. తెర మీద ఎండ ఎడమ నుంచి పడుతోంది, అక్షరాల నీడా ఎడమకే పడుతోంది. హోటల్లో ఎవరూ ఆ తప్పు గమనించలేదు. ఆమె టీ అక్కడే వదిలేసి, బయట ఎండలో నిలబడ్డ బస్సు నీడ ఏ పక్క పడిందో చూడటానికి లేచి వెళ్లింది.