మొగులయ్య చేసిన క్రిస్మస్ చెట్టు

ఇరవై రెండేళ్లుగా మాదన్నపేట చర్చికి క్రిస్మస్ చెట్టు తెచ్చేది సీమోనే. అతడు మలక్‌పేట రేసుకోర్సులో మాలీ. అక్కడ గుర్రాల సాలల వెనక సరుగుడు చెట్ల వరుస ఉంది. పండుగకు రెండు రోజుల ముందు పైవాళ్లను అడిగి, నడుముకు తాడు చుట్టుకొని ఎక్కి, ఒక చెట్టు తల నరికి దించేవాడు. భార్య సుందరమ్మ కింద తాడు కొస పట్టుకొని నిలబడేది. ఆ పచ్చని కొమ్మను రిక్షాలో వేసుకొని వస్తుంటే సందులో పిల్లలంతా వెంటబడేవారు. సీమోనుకు పాట రాదు, ప్రసంగం రాదు. ఆ ఒక్క రోజు మాత్రం చర్చిలో అందరి చూపూ అతని మీదే.

డెబ్బై నాలుగు డిసెంబరు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక సంఘపెద్ద ప్రకాశం అతన్ని పక్కకు పిలిచాడు.

"సీమోనూ, ఈపారి కొమ్మ తేకు. మన స్త్రీల సమాజపోళ్లు ఇనుప తీగెలతోని చెట్టు చేయిస్తున్నరు. ఏటేటా అదే పెట్టుకోవచ్చు. ఆకు రాలుడుండదు, ఊడ్సుడుండదు."

"మంచిదన్నా" అన్నాడు సీమోను.

స్త్రీల సమాజంలో సుందరమ్మ కూడా ఉంది. తనతో ఒక్క ముక్కైనా అనలేదు. ముసలివాడినయ్యానని అంతా కలిసి పక్కన పెట్టారనుకున్నాడు. ఆ మధ్యాహ్నం సగం అన్నం పళ్లెంలోనే వదిలేశాడు. సుందరమ్మ మజ్జిగ పోస్తూ అతని ముఖం చూసింది. మూడు రోజులు ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ మాటలే నడిచాయి.

నాలుగో రోజు పొద్దున గులాబీ మడికి నీళ్లు పెడుతుంటే, చౌకీదారు ఒక పొట్టి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి అరచేతుల నిండా తీగ కోసిన గీతలు.

"నా పేరు మొగులయ్య, భాయ్. హుస్సేనీ ఆలంల బ్రష్షులు చేస్త. సోడా సీసాలు కడిగేటియి, బూజు దులిపేటియి. ఇప్పుడు క్రిస్మస్ చెట్టు చెయ్యిమన్నరు. నేనెన్నడు చూడలే. ఈడ గసుంటి చెట్లున్నయట, జర చూపిస్తవా?"

సీమోనుకు కడుపు మండింది. "రాదని చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఆ మాదన్నపేట అమ్మ ఇనలే. పోయినేడు ఆమె పెనిమిటి చెట్టెక్కితె కాలి కింది కొమ్మ ఇరిగిందట. జరసేపు చేతుల మీద యాలాడిండట. దిగినంక ఏం కాలేదని నవ్విండట. ఆమెకు మాత్రం డిసెంబరు వస్తుందంటెనే గుండె దడదడ కొట్టుకుంటున్నదట. వద్దంటె ఇంకింత పైకెక్కుతడు, నువ్వే ఎట్లన్న చెయ్యాలె అని బతిలాడింది. ఎట్ల కాదంట, చెప్పు?"

మడి నిండి నీళ్లు దారి మీదికి పొర్లాయి. సీమోను చాలాసేపటికి గాని చూసుకోలేదు. తన పేరు చెప్పలేదు. పైపు కింద పడేసి, "రా" అని అతన్ని సాలల వెనక్కి తీసుకుపోయాడు.

"కింది కొమ్మలు పొడుగు, మీదికి పోయినకొద్ది పొట్టి. కొసలు జర కిందికి వంగాలె. నీ బ్రష్షు లెక్క నిక్కపొడుసుకోవద్దు."

మొగులయ్య రాలిన రెమ్మ ఒకటి రుమాలులో కట్టుకొని వెళ్లాడు. అయినా సీమోనుకు నమ్మకం కుదరలేదు. ఆ తర్వాతి ఆదివారం తానే హుస్సేనీ ఆలం పోయాడు. ఇరుకు గదిలో మొగులయ్య రెండు తీగల మధ్య నార పరిచి పిడి తిప్పుతుంటే, తీగ మెలిపడి కొమ్మ గుండ్రంగా విచ్చుకుంటోంది. రంగు చూసి సీమోను తల అడ్డంగా ఊపాడు. "గిది చిలుకపచ్చ. జర నలుపు కలుపు." కొమ్మలను కొయ్య గుంజకు గుచ్చాక మూడుసార్లు విప్పించాడు. మొగులయ్య విసుక్కోకుండా విప్పాడు.

"మస్తు తెలుసు నీకు. పేరేంది భాయ్?"

"సీమోను. ఆ చెట్టుకు యాలాడింది నేనే."

మొగులయ్య నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! ఎవ్వలికి చెప్పొద్దన్నదే అమ్మ!"

"చెప్పి మంచిపనే చేసినవు తియ్యి" అంటూ సీమోను ఇంకో కొమ్మ అందించాడు.

ఇరవై నాలుగో తారీకు సాయంత్రం చెట్టును చర్చిలో నిలబెట్టారు. ఆడవాళ్లు దూది అద్ది, కాగితపు చుక్కలు కట్టారు. ప్రకాశం చుట్టూ తిరిగి చూసి, "అచ్చం సీమోను తెచ్చినట్టే ఉన్నది గదా!" అని ఆశ్చర్యపోయాడు. సుందరమ్మ చెట్టు వంక చూడలేదు. బయట మెట్టు మీద కూర్చున్న భర్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. మొగులయ్య చెప్పినంక పోయింది."

ఆమె ఉలిక్కిపడింది. "చెప్పిండా!"

"నువ్వే చెప్పొచ్చు గదనే నాకు."

"చెప్తె ఎక్కుడు బంద్ చేస్తుంటివా?"

సీమోను నిజాయితీగానే ఆలోచించాడు. "లేదు, చెయ్యకపోతుంటి."

"గందుకే చెప్పలే."

లోపల ఎవరో హార్మోనియం సరిచూసుకుంటున్నారు. సీమోను గొంతు తగ్గించాడు. "ఆ దినం నాక్కూడ మస్తు భయమైంది, సుందరీ. చేతులు జారుతున్నయి. కింద నీ మొకం చూసి నవ్విన, గంతే."

సుందరమ్మ అతని పక్కన కూర్చుంది. "ఏడాది పట్టిందా గా మాట చెప్పనీకి?" అంది. కళ్లు తుడుచుకొంది గాని, ఆ గొంతులో బరువు లేదు.

ఆ చెట్టు పదకొండేళ్లు నిలిచింది. ఏటా గోనెసంచిలోంచి తీసి, నలిగిన నారలు దువ్వి కొమ్మలు గుచ్చడం సీమోను పనే. పచ్చి సరుగుడు వాసన లేదనే బెంగ అతనికి చివరిదాకా పోలేదు. మొగులయ్య మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ వచ్చి, సుందరమ్మ చేసిన గారెలు తిని, తన చెట్టును ఒకసారి తనివితీరా చూసుకొని పోయేవాడు.