ముందు గేటు

పెళ్లికని అడ్వాన్సు కట్టిన హాల్లోనే తమ్ముణ్ణి రోగిగా పడుకోబెట్టారు. వేదిక ముందు కుర్చీలు తీసేసి ఇనప మంచాలు వేశారు. పైన రంగుదీపాలు మాత్రం అలాగే వేలాడుతున్నాయి. మహమ్మారి వచ్చిందని సర్కారు పెళ్లిళ్లు ఆపి, హాలును ఆసుపత్రి కోసం అద్దెకు తీసుకుంది. అటు అద్దె, ఇటు అడ్వాన్సులు. ఊరంతా ఏడుస్తుంటే యజమానికి రెండు చేతులా సంపాదన.

అక్క టైలరు. పేటలో పిల్లా పెద్దా అందరికీ ఆమె అక్కే. కళ్లు పోయేలా కుట్టి కూడబెట్టి, తమ్ముడి పెళ్లికి అడ్వాన్సు కట్టింది. అది తిరిగొస్తే, హాల్లో లేని ఆక్సిజన్ సిలిండరు బయట కొనొచ్చు. రాకపోతే తమ్ముడు దక్కడు. ఇది హాలు మేనేజరుకు తెలియదనుకుంటే పొరపాటు. బాగా తెలిసే ఆడుకున్నాడు.

"వాపసు పెళ్లి తేదీనాడే ఇస్తాం. ఎవరి తేదీకి వాళ్లే రావాలి. రూలంటే రూలే," అన్నాడు అద్దాల కిటికీ వెనకనుంచి.

"అప్పటిదాకా వాడు బతకాలి కదయ్యా! నీ కాళ్లు పట్టుకుంటాను."

"దూరం! దూరం! నాకంటిస్తావా?" అంటూ కిటికీ సందులోంచి ఆమె ముఖం మీద మందునీళ్లు కొట్టాడు. కళ్లు భగ్గుమని అక్క అక్కడే కూలబడింది.

వెనక నిలబడ్డ లారీ డ్రైవరు అంతా చూశాడు. నోరెత్తలేదు. అతని కూతురి పెళ్లికీ ఈ హాలుకే అడ్వాన్సు కట్టాడు, ఆ తేదీ ఇంకా రాలేదు. మేనేజరుకు కోపమొస్తే తన డబ్బూ పోతుందని భయం. అక్క మాత్రం ఏం చేసింది? అంతకుముందు ఒక పంతులమ్మను మెడపట్టి గెంటినప్పుడు, మన తేదీ కాదులే అని తలొంచుకు పోయింది. ఎవరి తేదీకి వాళ్లే వచ్చారు. ఎవరి తన్నులు వాళ్లే తిన్నారు.

పెళ్లి తేదీ రానే వచ్చింది. ఆ పొద్దునే తమ్ముడు పోయాడు.

నర్సు శవాన్ని చుట్టి కట్టేసింది. మేనేజరు మంచానికి అల్లంత దూరంలో నిలబడ్డాడు.

"మీ తేదీన మీవాడే హాలు వాడుకున్నాడుగా, ఇంకా వాపసేంటమ్మా? వంటింటి గేటులోంచి తీసుకుపోండి. ముందు గేటు పెళ్లివాళ్లకి. శవం అటు వెళ్లిందంటే రేపు ఈ హాలుకెవడొస్తాడు?"

వంటింటి గేటంటే ఎంగిలి బుట్టలు పోయే దారి. అక్కకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా కోపం పాకింది.

"ఇవాళ పెళ్లికొడుకు వీడే. ముందు గేటులోంచే వస్తాడు."

సంగతి తెలిసిన డ్రైవరు అడ్వాన్సులు కట్టిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. మాస్కులు కట్టుకుని పంతులమ్మ వచ్చింది, తాపీమేస్త్రీ వచ్చాడు, జీతాలాగిపోయిన హాలు వంటవాళ్లు వచ్చారు. గేటు బయటే వాదన మొదలైంది.

"మన తేదీ కాదు కదా, ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు మేస్త్రీ. "మనదీ పోద్ది."

"నేనూ అట్లాగే నోరు మూసుకున్నా," అన్నాడు డ్రైవరు. "సిలిండరు రాలేదు. మనిషి పోయాడు. మనల్ని తేదీలుగా కోసుకుని ఒక్కొక్కణ్ణీ నమిలేస్తున్నాడు. నీ వంతు వచ్చేదాకా ఆగుతావా?"

మేస్త్రీ తలగుడ్డ బిగించి గేటు దగ్గరికొచ్చాడు.

"తాళం తీశావో, నీ ఉద్యోగం ఊడుద్ది!" అని లోపలినుంచి మేనేజరు గేటు వాచ్‌మన్ మీద అరిచాడు.

"జీతమే లేని ఉద్యోగం ఊడితే ఎంత, ఉంటే ఎంత!" అని వాచ్‌మన్ తాళం తీశాడు. "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయమా!"

నర్సు చేతి తొడుగులు పంచింది. డ్రైవరు, మేస్త్రీ, ఇద్దరు వంటవాళ్లు మంచాన్ని భుజాలకెత్తారు. గేటు దాటుతుండగా పోలీసు వ్యాను అడ్డంగా వచ్చి ఆగింది. ఇవాళ తేదీ ఈవిడదే అని మేనేజరు వేలు పెట్టి చూపించగానే అక్కను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు.

"ఇవాళ్టి తేదీ వాళ్లు తప్ప మిగతావాళ్లంతా పొండి!" లాఠీ ఊపుతూ గద్దించాడు ఇన్‌స్పెక్టరు. "లేదంటే అందరి మీదా కేసులే!" లాఠీ మేస్త్రీ గుండెకు ఆనించాడు. "నీదే తేదీ?"

మేస్త్రీ భుజం మీది మంచం దించలేదు.

"ఇవాళే."

లాఠీ దెబ్బ పడింది. మోకాలు వంగింది, మళ్లీ లేచింది.

"నాదీ ఇవాళే," అంది పంతులమ్మ.

"మాదీ! మాదీ ఇవాళే!"

వ్యాను జాలీ పట్టుకుని అక్క చూసింది. అంత జనం ఆమె తమ్ముడి పెళ్లికి కూడా వచ్చుండేవారు కాదు. అప్పుడొచ్చింది ఏడుపు. మంచం వ్యాను పక్కనుంచి ముందు గేటు దాటి రోడ్డెక్కింది.