అంజూరం మీద కూర్చునే మనిషి

పెరటి కుళాయికి పాత గోనెసంచి చుట్టి ఖోలిక్ తాడు బిగిస్తుంటే, వంటింట్లోంచి భార్య సలోమత్ కేకేసింది.

"ఏమయ్యా, దాన్ని పెళ్లికూతురిలా ముస్తాబు చేసింది చాల్లే. అంజూరం సంగతి చూడు!"

ఖోలిక్ ముడి వేసి లేచాడు. ద్రాక్షతీగలు నిన్ననే పందిరి మీంచి దించి, చలికి చావకుండా మట్టిలో పూడ్చాడు. కారెట్లు చలికాలం నిలవకి ఇసుకగుంటలోకి చేరాయి. రాలిన ఆకులు చిమ్మి గోడవారన కుప్ప పోశాడు. ఇక మిగిలింది అంజూరం ఒక్కటే. ఈ రాత్రికి నీళ్లు గడ్డకడతాయని వీధంతా అనుకుంటున్నారు. పైగా తెల్లారితే కూతురు నిగోర వచ్చి సలోమత్‌ని తాష్కెంట్ ఆసుపత్రికి తీసుకెళ్తుంది. చెట్టుని పడుకోబెట్టందే కారెక్కనని ఆవిడ పట్టుబట్టింది.

ఖోలిక్ ఉద్యోగమంతా కాలవ తూము దగ్గరే గడిచింది. తలుపు ఎత్తడం, దించడం, నీళ్లందని వాళ్ల చేత తిట్లు తినడం. గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేని మనిషి. పెన్షన్ వచ్చాక కూడా పొద్దున్నే కాలవ దాకా నడిచి, నీళ్లు చూసి తిరిగొస్తాడు. అంజూరాన్ని మాత్రం ఏ చలికీ చావనివ్వలేదు.

మా మర్గిలాన్ ఊళ్లో అంజూరాన్ని ఒంటరిగా ఎవడూ పూడ్చలేడు. కట్టలు కట్టి వంచిన కొమ్మలు, వదిలితే మళ్లీ లేస్తాయి. ఒకరు వాటి మీద కూర్చోవాలి, ఒకరు మట్టి పోయాలి. పెళ్లయిన ఏటి నుంచీ కూర్చునేది సలోమత్. "నా లావుకి విలువిచ్చేది ఈ చెట్టొక్కటే" అని నవ్వేది.

ఎర్ర మఖమల్ మెత్త చంకన పెట్టుకుని వచ్చింది. ఈసారి దాన్లో దూది రెండింతలు కూరింది. ఎముకలు గుచ్చుకుంటున్నాయట.

గోడ మీంచి పక్కింటి తుర్ఘున్ తొంగిచూశాడు. "వదినా, నేనొచ్చి కూర్చోనా?"

"నువ్వు కూర్చుంటే కొమ్మలేం ఖర్మ, భూమే కుంగుతుంది. పోయి నీ మేకను చూసుకో!"

ఖోలిక్ కొమ్మలు వంచి రెల్లుచాప కప్పాడు. మెత్త వేసుకుని ఆవిడ కూర్చుంది. అతను చేతులు వదిలి పార అందుకున్నాడు. ఒక్క పార మట్టయినా పడకముందే కొమ్మలు మెల్లగా పైకి లేచాయి, ఆవిడతో సహా. పాదాలు నేల వదిలేశాయి.

"ఓయబ్బో, ఊయలూపుతోందయ్యా!" అని నవ్వింది సలోమత్.

ఖోలిక్‌కి భయం వేసింది. తిండి తగ్గింది, అంతే, అని వేసవి నుంచీ తనకి తను చెప్పుకుంటున్నాడు. పార పడేసి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. కొమ్మలు దిగాయి.

"మరి మట్టి ఎవరు పోస్తారు?"

"పోద్దాంలే."

"ఎప్పుడు? ఇద్దరం ఇక్కడే గుడ్లు పొదుగుదామా?"

అతను కదల్లేదు. కోటు మీంచి కూడా ఆవిడ భుజం ఎముక తెలుస్తోంది.

"తుర్ఘున్‌ని పిలువు."

"వద్దు."

"పిలవవయ్యా. చెట్టేం పాపం చేసింది?"

పిలిచాడు. తుర్ఘున్ వచ్చి ఇద్దరినీ చూశాడు, వేళాకోళం ఆడకుండా పార తీసుకున్నాడు. కొమ్మల చివర్ల నుంచి మట్టి పోసుకుంటూ వాళ్ల దాకా వచ్చాడు. ఏటా ఇక్కడికి రాగానే సలోమత్ లేచి, మెత్త లాక్కుని దులుపుకునేది. ఈసారి ఖోలిక్ ఆవిడని చేతుల మీద ఎత్తుకున్నాడు.

"దించవయ్యా, సిగ్గులేదూ! తుర్ఘున్ చూస్తున్నాడు."

"చూడనీ."

వెనక్కి తిరక్కుండా ఇంట్లోకి నడిచాడు. మోస్తున్నట్టే లేదు. మిగిలిన చోట తుర్ఘున్ మట్టి కప్పి, పార వెనకవైపుతో చదును చేశాడు.

తెల్లారి కారెక్కుతూ ఆవిడ చెప్పింది: "తొలికాపు పిట్టల పాలు చేయకు."

ఆసుపత్రిలోనే పోయింది. మంచు కురుస్తున్న రోజు ఇంటికి తెచ్చారు, ఆ మధ్యాహ్నమే పూడ్చిపెట్టారు. పాడె మోయడానికి వీధివీధంతా వచ్చింది.

వసంతంలో వచ్చే నవ్రూజ్ పండగ ముందు ఎండలు కాశాక ఖోలిక్ అంజూరం దగ్గర మట్టి తీశాడు. తీయడానికి ఒక్కరు చాలు. కొమ్మలు పచ్చిగా ఉన్నాయి, బతికాయి. మొదలు దగ్గర పారకి ఏదో మెత్తగా తగిలితే చేత్తో తవ్వాడు. ఎర్ర మఖమల్. చలికాలమంతా తడి పీల్చిన దూది. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. ఇంటి మెట్టు దాకా మోసేసరికి ఆయాసం వచ్చింది.

ఎండలో ఆరబెట్టాడు. సాయంత్రమైనా మెత్త ఆరలేదు.