గురక దేవుడు కలిపిన చుట్టరికం

మా ఊరి పిల్లలు పుస్తకం చదివితే ఊరికి జ్వరం వస్తుంది. పెంచి చెబుతున్నాననుకోకండి. పెంచి చెప్పడం నాకు అలవాటే గానీ, ఈ మాట మాత్రం కొలత వేసి చెబుతున్నాను.

చదవడం ఎక్కడైనా చదువుతారు. చదివినదాని మీద దెబ్బలాడుకోవడానికి మాత్రం మా వంటపాక వెనక సీమపనస చెట్టు నీడే కావాలి. మధ్యాహ్నం కర్రపెండలం, కొబ్బరిపాల చేప కడుపు నిండా తిని నేను నడుం వాల్చేది సరిగ్గా ఆ నీడలోనే. ముసలాడు పడుకున్నాడన్న జాలి ఒక్కడికీ లేదు. నా తల పక్కనే కూర్చుని అరుస్తారు.

ఈసారి గొడవ ఇంకా అచ్చుకాని పుస్తకం గురించి. రాజధాని సువాలో ఉండే మకెరెతా అనే ఆవిడ పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల కోసం నవల రాసింది. అచ్చుకిచ్చే ముందు ఆ ఈడు పిల్లలేమంటారో విందామని మా బడికి కొన్ని ప్రతులు పంపింది. విలికేసా మాస్టారు వాటిని పిల్లలకు పంచి, "సెలవుల్లో చదవండి. ఆవిడ పడవలో మన ఊరొస్తుంది. మీకేమనిపించిందో ఆవిడతోనే చెబుదురు గాని" అన్నాడు. ఆయన హాయిగా చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. నిద్ర కరువైంది నాకు.

"ఆ తాబేలు లేదూ, దాని పీక పిసకాలి!" అన్నాడు అపాకుకి అనే కుర్రాడు. వాడి గొంతు శంఖం ఊదినట్టుంటుంది. "ఆ కథలో పిల్ల తిమాకి కష్టం వచ్చినప్పుడల్లా నీళ్ళలోంచి తలెత్తి నీతులు చెబుతుంది. మా నాన్న వల్లో ఎన్ని తాబేళ్ళు పడ్డాయి! ఒక్కటైనా నోరు విప్పిందా?"

"నీ మొహం చూశాక దానికి మాట్లాడాలని ఎందుకనిపిస్తుందిరా?" అంది లోసానా.

"నువ్వు ఊరుకోవే. మరి నీకు నచ్చిందా?"

"తాబేలు పరవాలేదు. అసలు ఆ పుస్తకంలో ఎవరికీ ఆకలెయ్యదేంటి? తెప్ప మీద రెండ్రోజులు సముద్రంలో తిరిగొచ్చిన పిల్ల, గడపలో అడుగుపెట్టి ఏమంటుంది? 'అమ్మమ్మా, నాకిప్పుడు లోకం అర్థమైంది' అంటుంది. నేనైతే 'కుండలో ఏముందే' అంటా."

"పోనీ నన్ను పడుకోనివ్వండర్రా, మీకు పుణ్యముంటుంది" అన్నాను.

"పడుకో తాతా, మేం నీతో మాట్లాడట్లేదుగా" అన్నాడు అపాకుకి.

నా కూతురి కూతురు ఉనైసి ఆ గుంపులోదే. అది అరవదు. కాళ్ళు ముడుచుకుని, ఆ ప్రతిని ఒళ్ళో పెట్టుకుని చివరి పేజీల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దాని సంగతి మీకు చెప్పాలి. పోయిన ఏడు దాని ప్రాణ స్నేహితురాలు కెలెరా, అమ్మానాన్నలతో లౌతోకా పట్నానికి వెళ్ళిపోయింది. వెళుతున్నట్టు ఒక్క ముక్క చెప్పలేదు. ఇది పొద్దున్నే బడికి కేకెయ్యడానికి వెళితే తలుపుకి తాళం. ఆ తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళందరూ వంతులేసుకుని దానికి బుద్ధులు చెప్పారు. "పోనీలే అమ్మా, మనసులో పెట్టుకోకు" అని.

ఖర్మేమిటంటే ఆ పుస్తకంలోనూ అదే కథ. తిమా స్నేహితురాలు చెప్పకుండా ఊరొదిలి పోతుంది, చివర్లో తిరిగొస్తుంది. అమ్మమ్మ నాలుగు పేజీలు క్షమ గురించి ప్రసంగం చేస్తుంది. తిమా పరిగెత్తుకెళ్ళి స్నేహితురాల్ని కావలించుకుంటుంది. సమాప్తం.

"ఇది అబద్ధం తాతా" అంది ఉనైసి.

"కథలన్నీ అబద్ధాలేనే పిచ్చిదానా. నేను చెప్పేవి నమ్మవూ?"

"నీవి వేరు. నీ కథల్లో షార్కు చుట్ట కాలుస్తుంది, అది అబద్ధమని షార్కుకి కూడా తెలుసు. ఇది నిజమని చెబుతున్నారు. ఇలాగే అచ్చయిందనుకో, ఇక అందరూ 'చూడు, తిమా ఎంత మంచి పిల్లో' అని నా నెత్తిన మొత్తుతారు. ఆ చివర మార్పించాలి."

"అయితే ఆవిడతోనే చెప్పు."

"చెబుతా. రానీ."

వచ్చింది. ఆ రోజు సముద్రం కోపంగా ఉంది. పడవ దిగేసరికి ఆవిడ మొహం పచ్చి అరటికాయలా ఉంది. అయినా పద్ధతి తప్పలేదు. మేం దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా మొక్క వేళ్ళ కట్ట తెచ్చి ఊరి పెద్ద ముందు పెట్టింది, ఆయన చేత్తో తాకి స్వీకరించాడు, చప్పట్లు కొట్టాం. ఇక ఆవిడ మా ఊరి అతిథి. బడి హాల్లో చాపల మీద పెద్దలం ఒక వైపు, పిల్లలు ఒక వైపు. పిల్లలు తలంటు పోసుకుని, నూనె రాసుకుని, ఇస్త్రీ బట్టల్లో చర్చి కొవ్వొత్తుల్లా కూర్చున్నారు.

"చెప్పండి, నా పుస్తకం ఎలా ఉంది?" అందావిడ.

అపాకుకి లేచాడు. నేను చెవులు మూసుకోబోయాను.

"బాగుందండీ" అని కూర్చున్నాడు.

లోసానా లేచింది. "చాలా బాగుందండీ."

"తాబేలు?"

"తాబేలు మరీ బాగుందండీ" అన్నాడు అపాకుకి, కూర్చున్నచోటి నుంచే.

నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు నా నిద్ర చెడగొట్టి, ఆ తాబేలుని చీల్చి చెండాడిన వెధవ వీడేనా? కానీ తప్పు వాళ్ళదీ కాదు. యంగోనా ఇచ్చి కూర్చున్న అతిథిని, పెద్దల ముందు, చిన్నవాడు తప్పుపట్టడమా! మా ఊళ్ళో అలా చేసినవాడు పుట్టలేదు. ఆ పద్ధతి వీళ్ళకి నూరిపోసింది మేమే. నేనైతే బెత్తం పట్టుకుని మరీ నూరాను.

ఆవిడకీ విసుగొచ్చింది. "సువాలో అందరూ ఇదే మాటంటారు. బాగుంది, బాగుంది! 'బాగుంది' వినడానికేనా నేను దారంతా వాంతులు చేసుకుంటూ వచ్చింది? సోమవారం ఇది అచ్చాఫీసుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత చెప్పినా నేనేం చెయ్యలేను. ఏదో ఒకటి అనండర్రా, మీకు దణ్ణం పెడతాను!"

ఉనైసి వంతు వచ్చింది. లేచింది. నోరు తెరిచింది. ఊరి పెద్ద వైపు చూసింది, యంగోనా గిన్నె వైపు చూసింది. "బాగుందండీ" అంది. కూర్చుంటూ నా వైపు చూసిన చూపు మాత్రం, అది దాచుకున్న మామిడిపండు నేను తినేసినట్టుంది.

ఇక ఆగలేకపోయాను. "ఏమ్మా, మీ అమ్మది ఏ ఊరు?" అన్నాను.

"మా అమ్మదా? వునిసోలా" అంది ఆవిడ తెల్లబోయి.

"వునిసోలా!" అని తొడ చరిచాను. "ఆ మాట ముందు చెప్పొద్దూ? నువ్వు మాకు తౌవూవి!"

హాలంతా ఒక్క కదులు కదిలింది. తౌవూ అంటే మా దగ్గర మామూలు చుట్టరికం కాదు. రెండు ఊళ్ళ మూలదేవుళ్ళు బంధువులైతే ఆ ఊళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎన్ని మాటలన్నా అనుకోవచ్చు. కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాడికే పరువు తక్కువ.

విలికేసా మాస్టారు దగ్గాడు. "వునిసోలాతో మనకి తౌవూ ఉందా? నేనెప్పుడూ వినలేదే!"

"నువ్వు చేపలు పట్టుకుంటుంటే ఏం వినిపిస్తుంది? మా తాత చెప్పాడు. మా దేవుడూ, వాళ్ళ దేవుడూ పినతల్లి పెదతల్లి బిడ్డలు. ఒకే పడవలో బయల్దేరారు. మావాడికి గురక. ఎలాంటి గురకంటే, పీల్చినప్పుడు తెరచాప లోపలికి, వదిలినప్పుడు బయటికి. పడవ ముందుకెంత పోతే వెనక్కంత వచ్చేది. వాళ్ళవాడు విసిగిపోయి, నిద్రలోనే మావాణ్ణి సముద్రంలోకి తోసేశాడు. మావాడు మునిగాడా? గురకపెడుతూ తేలుతూ వచ్చి ఇదిగో ఇక్కడ ఒడ్డుకి తగిలాడు. నమ్మకపోతే వినండి, గట్టు దగ్గర ఆయన ఇంకా గురకపెడుతూనే ఉన్నాడు."

అందరూ చెవులు రిక్కించారు. పగడపు గట్టు మీద అలలు గర్ర్ మంటున్నాయి.

"ఏం పెద్దాయనా, నువ్వు వినలేదూ?" అని ఊరి పెద్దని అడిగాను. ఆయనకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు, ఆకలి. "విన్నట్టే ఉంది. కానివ్వండి తొందరగా" అన్నాడు.

మకెరెతా నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పిల్లల వైపు తిరిగి, "అయితే తౌవూలూ, ఇంకా నోళ్ళు కట్టేసుకున్నారే? మీ దేవుడిలా నిద్రపోయారా?" అంది.

అంతే, కట్ట తెగింది.

"ఓ తౌవూ! ఆ తాబేలు మీ ఊరి మాస్టారా?" అని అపాకుకి శంఖం ఊదాడు. "దాన్ని వండుకు తినెయ్యండి, కథకి పట్టిన పీడా వదులుతుంది, తిమాకి ఆకలీ తీరుతుంది!"

"తిమా ఆసుపత్రి పెద్ద నర్సులా మాట్లాడుతుంది" అంది లోసానా. "పదమూడేళ్ళంట! మా నాయనమ్మే అంత బుద్ధిగా మాట్లాడదు."

ఆవిడ కలం గబగబా నడుస్తోంది. ఒకసారి నవ్వింది, ఒకసారి చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలు అలిసిపోయి ఆగాక ఉనైసి లేచింది. దాని గొంతులో ఎగతాళి లేదు.

"అమ్మమ్మ ప్రసంగం తీసెయ్యండి."

"అదే కదమ్మా పుస్తకానికి గుండెకాయ!"

"అది అమ్మమ్మ గుండెకాయ. తిమాది కాదు. స్నేహితురాలు చెప్పకుండా పోయింది, తిమా ఏడాదంతా దిగులుపడింది. అదంతా అరపేజీలో ఎటు పోయింది?"

"మరి జీవితాంతం కోపంగానే ఉండమంటావా? చదివే పిల్లలకి ఏదో ఒక ఓదార్పు ఉండాలి కదా."

"జీవితాంతం అని ఎవరన్నారు? ఆ పేజీలో మాత్రం కోపంగా ఉండనివ్వండి. తర్వాత సంగతి తనే చూసుకుంటుంది."

ఆవిడ కలం ఆగిపోయింది. ప్రసంగం ఉన్న పేజీల మూల మడిచింది. ఊరి పెద్ద కూడా మోకాళ్ళు రాసుకోవడం ఆపాడు. గట్టు దగ్గర మా దేవుడు గురకపెడుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే మకెరెతా మా ఇంటికొచ్చింది. పడవ వేళయింది, వీడ్కోలు చెప్పడానికేమో అనుకున్నాను. తిన్నగా పెరట్లోకి వెళ్ళి నా ఎర్ర పుంజుని చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. చుట్టుపక్కల దీవుల్లో అలాంటి పుంజు లేదు. అది కూస్తే రెండు దీవుల అవతల కోళ్ళు గుడ్లు పెడతాయి.

"అమ్మా, అదేంటి!"

"తౌవూని కదా. నచ్చింది తీసుకెళ్ళొచ్చు. వద్దంటే నీకే పరువు తక్కువ."

నిజమే, అదీ పద్ధతే. పక్కకి తప్పుకుని దారిచ్చాను. పడవెక్కుతూ నా చెవి దగ్గర వంగి మెల్లిగా అంది: "మా వునిసోలా కొండ మీద ఊరు, తాతా. మా దేవుడు సముద్రం మొహం కూడా చూళ్ళేదు."

పడవ వెళ్ళిపోయింది. నా పుంజు పడవలోంచి నన్ను వెక్కిరిస్తున్నట్టు కూసింది.

వానాకాలం వెళ్ళాక అచ్చయిన పుస్తకాలు బడికి వచ్చాయి. సీమపనస చెట్టు కింద మళ్ళీ సంత మొదలు. తాబేలు ఉంది గానీ నోరు విప్పలేదట. తిమా ఇంటికి రాగానే కుండ మూత తీసిందట. ఇక చివరి పేజీలో స్నేహితురాలు గుమ్మం దగ్గర నిలబడితే, తిమా తలుపు తెరుస్తుందట. లోపలికి రమ్మనదు. అలాగని తలుపూ వెయ్యదు. అక్కడితో అయిపోయింది.

"మధ్యలో ఇంకా సాగదీసింది" అన్నాడు అపాకుకి. వీణ్ణి మెప్పించడం ఆ గురక దేవుడి వల్లా కాదు.

ఉనైసి మాత్రం సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళి తన పుస్తకాన్ని నావికుడి చేతిలో పెట్టింది. లౌతోకాలో కెలెరాకి అందేలా చూడమంది. "ఏం చెప్పమంటావ్?" అని అతనడిగితే, "ఏం వద్దు. ఇవ్వండి చాలు" అందట.

ఇంటికొచ్చాక అడిగాను. "పుస్తకం అంతా బాగున్నట్టేనా మరి?"

"బాగానే ఉంది తాతా. కొత్తగా ఒక ముసలాణ్ణి పెట్టింది. నోరు తెరిస్తే అబద్ధం. చివరికి వాడి పుంజుని ఎవరో ఎత్తుకుపోతారు."

"ఆహా! ఎలా ఉన్నాడు ఆ మనిషి?"

"పుస్తకం మొత్తం మీద వాడొక్కడే తాతా," అంది ఉనైసి, కర్రపెండలం ఒలుస్తూ, "అస్సలు నమ్మేలా లేడు."