రెండో గేటు

డ్రిల్లు టీచరు మొండిదని బడిలో అందరికీ తెలుసు. ఆమె ఈల ఊదితే పిల్లలే కాదు, రోడ్డు మీద పోయే సైకిళ్ళు కూడా ఓ క్షణం ఆగేవి. అందుకే విజిల్ మేడం అని పేరు పడిపోయింది. అయినా ఆ ఏడు ఆమె పట్టిన పట్టు చూసి ఇంట్లోవాళ్ళే బెంబేలెత్తారు. తాళం వేసి ఉన్న మున్సిపల్ గ్రౌండులో చుట్టుపక్కల వీధులవాళ్ళందరికీ ఆటల పోటీలు పెడతానంది.

ఆ గ్రౌండుకు తాళం ఊరికే పడలేదు. రెండేళ్ళ కిందట అక్కడ పాటల కార్యక్రమం జరిగింది. అయిపోగానే జనమంతా ఒక్క గేటు మీద పడ్డారు. ఆ తొక్కిసలాటలో చాలామందికి ఎముకలు విరిగాయి. ప్రాణాలు పోకపోవడమే గొప్ప అన్నారు ఆసుపత్రిలో. దెబ్బలు తగిలినవాళ్ళలో టీచరు సొంత చెల్లెలు కూడా ఉంది. బట్టలు కుట్టి బతికే మనిషి. పక్కటెముకలు అతుక్కున్నాయి గానీ ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. పైకి కనిపించని దెబ్బ ఇంకా పెద్దది. నలుగురు గుమిగూడిన చోటికి వెళ్ళడం ఆమె పూర్తిగా మానేసింది. బంధువులు శుభకార్యానికి పిలిస్తే, సరిగ్గా ఆ రోజే జ్వరం వచ్చేది.

గ్రౌండు మూతపడ్డాక పిల్లలు రోడ్డు మీద ఆడుకోవడం మొదలుపెట్టారు. బంతి వెనక పరుగెత్తిన ఒక ఏడో తరగతి పిల్ల స్కూటరు కింద పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ మర్నాడే టీచరు మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కింది.

పార్కులూ గ్రౌండులూ చూసే ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు. ఆయనకు ముందున్నాయన్ని తొక్కిసలాట తర్వాత ఎక్కడికో పంపేశారు. ఆ సంగతి గుర్తున్నవాడిలాగే, పెన్ను మూత తియ్యకుండా మాట్లాడాడు.

"మీ ఉద్దేశం మంచిదే మేడం. కానీ ఆ గ్రౌండు పేరెత్తితేనే మా పైవాళ్ళు ఉలిక్కిపడుతున్నారు."

"తాళం వేస్తే మీకు ప్రమాదం తప్పిందండీ. పిల్లలకు తప్పలేదు."

"ఉన్నది ఒక్కటే గేటు. ఏదైనా జరిగితే జనాన్ని ఎటు పంపిస్తారు?"

"వెనక వీధి వైపు రెండోది ఉందిగా."

రెండో గేటు ఉన్న మాట నిజమే. దానికి అడ్డంగా మున్సిపాలిటీవాళ్ళే ఓ పాడైపోయిన చెత్తబండినీ, విరిగిన దీపస్తంభాలనీ, తుప్పుపట్టిన నీళ్ళ ట్యాంకునీ ఏళ్ళ తరబడి పడేసి ఉంచారు.

"అవి తీయించాలంటే నేను ఇంజనీరింగ్ సెక్షన్‌కి రాయాలి. వాళ్ళు స్టోర్స్‌కి రాస్తారు. స్టోర్స్‌వాళ్ళు..."

"మళ్ళీ మీకే రాస్తారు."

"అంతే," అన్నాడాయన. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"సరే, మీరు రాయండి. నేను వచ్చే వారం కనబడతాను," అని ఆమె లేచింది.

వచ్చే వారం కనబడింది. ఆ పై వారమూ కనబడింది. బడి వదలగానే మెడలో ఈలతోనే ఆఫీసుకు వెళ్ళి కూర్చునేది. సిటీ బస్సు నడిపే ఆమె భర్త, "నేను మా డిపోకి కూడా ఇన్నిసార్లు వెళ్ళలేదే. నీకూ ఓ జీతం ఇమ్మని అడగకపోయావా?" అని ఆటపట్టించాడు. కానీ ఆమె ఆలస్యమైన రోజుల్లో వంట మాత్రం తనే చేసి పెట్టేవాడు.

కాళ్ళరిగేలా తిరుగుతున్నా, టీచరు మనసులో వేరే గుబులు ఒకటి ఉంది. ఒక ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ముందు గదే కుట్టు గది. చెల్లెలు బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. అక్క చేస్తున్న ప్రయత్నం ఆమె చెవిన ఎప్పుడో పడింది. తలెత్తి చూడలేదు.

"నువ్వొకసారి నాతో గ్రౌండుకి రావాలే," అంది టీచరు. "జనం ఉండరు. మనిద్దరం, తాళం తీయడానికి ఆ ఆఫీసరూ, అంతే."

"నన్ను చంపాలనుందా నీకు?"

"ఆ రోజు ఏం జరిగిందో పేపర్లో చదివాను. నీ నోట ఎప్పుడూ వినలేదు. అది వినకుండా అంతమందిని అక్కడికి పిలిచే ధైర్యం నాకు లేదు."

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"రెండేళ్ళుగా అందరూ నొప్పి తగ్గిందా అని అడిగేవాళ్ళే అక్కా," అంది చెల్లెలు. "ఏం జరిగిందని ఒక్కళ్ళూ అడగలేదు."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ముగ్గురూ గ్రౌండుకు వెళ్ళారు. ఆఫీసరు తాళం తీశాడు. మోకాళ్ళ ఎత్తు గడ్డి పెరిగి ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి చెల్లెలి కాళ్ళు ముందుకు పడలేదు. అక్క ముంజేతిని గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా టీచరు చెయ్యి కదల్చలేదు.

కాసేపటికి చెల్లెలు నేల వైపు చూపించింది. గేటు కింద, ఆ చివర నుంచి ఈ చివరికి, జానెడు ఎత్తు సిమెంటు గట్టు.

"నా ముందు ఒక పెద్దాయన దీనికి తట్టుకుని పడ్డాడు. ఆయన్ని లేపుదామని నేను వంగాను. నా వెనకవాళ్ళకు ఆయన పడ్డట్టు తెలీదు. మేమెందుకు ఆగామో తెలీదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదండీ. వాన వచ్చేలా ఉందని ఎవరో అన్నారు. త్వరగా ఇల్లు చేరాలని తోశారు. నేను అరుస్తూనే ఉన్నాను. స్పీకర్లలో పాట మోగుతూనే ఉంది. మా మీద మనుషులు పడుతుంటే కూడా పాట మోగుతూనే ఉంది."

ఆమె చెప్పాల్సినదంతా చెప్పేసి, వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది.

ఆఫీసరు గొంతుక్కూర్చుని గట్టును తడిమి చూశాడు. తర్వాత లేచి గేటు రెక్కను లాగాడు.

"ఇవి లోపలికి తెరుచుకునే తలుపులు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "లోపల జనం ఆనుకుంటే ఇంక తెరుచుకోవు." చేతుల దుమ్ము దులుపుకుని టీచరు వైపు తిరిగాడు. "ఈ గట్టు కొట్టించేస్తాను. తలుపులు బయటికి తిప్పిస్తాను. రెండో గేటు సామాను సంగతి ఇంక ఎవరికీ రాయను, దగ్గరుండి ఎత్తిస్తాను. అవి పూర్తయ్యాకే సంతకం. ఆ పైన నాక్కొన్ని షరతులున్నాయి."

"నాకూ ఉన్నాయి," అంది టీచరు.

అప్పట్నుంచి ఆఫీసరు మారిపోయాడనలేం గానీ, పని మాత్రం కదిలింది. గట్టు పోయింది. వెల్డరు వచ్చి తలుపులు బయటికి తెరుచుకునేలా బిగించాడు. క్రేను వచ్చి చెత్తబండినీ దీపస్తంభాలనీ ఎత్తుకుపోయింది. ట్యాంకును మాత్రం వెనక వీధివాళ్ళే తలో చెయ్యి వేసి దొర్లించేశారు. రెండో గేటు కిర్రుమంటూ తెరుచుకున్నప్పుడు ఆ వీధిలో ఒక ముసలావిడ, "ఇక్కడ గేటుందని నా కోడలికి చెబితే నాకు మతి పోయిందనేది," అంది.

టీచరూ ఆఫీసరూ కూర్చుని షరతులు రాసుకున్నారు. గేట్ల దగ్గర తినుబండారాల బండ్లు పెట్టకూడదు. స్కూటర్లన్నీ బడి ఆవరణలోనే. అంబులెన్సు వచ్చే దారిలో కుర్చీ కూడా వెయ్యకూడదు. పట్టేంతమందినే లోపలికి రానిచ్చి, మిగతావాళ్ళకు తర్వాతి వారం మళ్ళీ పెడదామన్నారు. ఇక టీచరు పట్టుబట్టిన షరతు ఒకటుంది. ఆపమని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ మాట వచ్చాక ఎంతటివాళ్ళూ ఎదురు చెప్పకూడదు.

"ఆ ఒక్కరూ ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

టీచరు మెడలో ఈల చూపించింది.

టెంట్లు వేసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. "గాలికి పైగుడ్డ ఉబ్బి గుంజలు కదిలాయంటే ఇంక ఆలోచన పెట్టుకోకమ్మా. ఖాళీ చేయించెయ్యి," అని ఆయనే చెప్పాడు. పోటీలకు ముందు శనివారం విజిల్ మేడం తోటి టీచర్లనీ, సాయానికి ఒప్పుకున్న తల్లుల్నీ పిలిచి, రెండు గేట్లలోంచీ మెల్లగా బయటికి నడిచే అభ్యాసం చేయించింది. గోడ మీద కూర్చున్న కుర్రకారు పడీపడీ నవ్వారు. "ఆటల పోటీలా మేడం, పారిపోయే పోటీలా?" అని అడిగారు. ఆమె వాళ్ళను కూడా కిందికి దింపి నడిపించింది.

చెల్లెలు మాత్రం రానని చెప్పేసింది. సాయం చేసేవాళ్ళు దూరానికి కనబడాలని నారింజ రంగు కోట్లు కుట్టి పంపి, "నా వల్ల అయ్యేది ఇదే," అంది.

పోటీల రోజు ఎండ కాస్త తగ్గగానే జనం వచ్చారు. పిల్లల పరుగు పందేలు అయ్యాయి. తల్లుల తాడులాటలో వెనక వీధివాళ్ళు గెలిచి ఆ గొప్ప ఊరంతా వినబడేలా చెప్పుకున్నారు. టీచరు భర్త సంచిలో కాళ్ళు పెట్టుకుని గెంతే పందెంలో మొదటి గెంతుకే పడ్డాడు. మధ్యలో ఒకసారి టీచరు చూపు రెండో గేటు వైపు పోయింది. బయట, వీధి అవతల గోడకు ఆనుకుని, చెల్లెలు నిలబడి ఉంది. టీచరు చూడనట్టే ఉండిపోయింది. పిలిస్తే వెళ్ళిపోతుందని ఆమెకు తెలుసు.

బహుమతులివ్వడానికి వార్డు మెంబరు వేదిక ఎక్కేసరికి పడమటి వైపు ఆకాశం మట్టిరంగులోకి తిరిగింది. గాలి లేచింది. కాగితపు కప్పులు దొర్లాయి. టెంటు పైగుడ్డ ఒక్కసారి కడుపులా ఉబ్బి దిగింది. బాబాయ్ ఒక గుంజ మీద చెయ్యి వేసి, టీచరు వైపు చూసి తలూపాడు.

ఆమె మైకు అందుకుంది.

"ఆగమ్మా," అన్నాడు వార్డు మెంబరు. "ఎంతసేపు, బహుమతులిచ్చేస్తే అయిపోతుంది. జనం ముందు బాగుండదు."

"దిగండి సార్. మీరు దిగితేనే వాళ్ళు కదులుతారు."

ఆయన ముఖం మాడ్చుకుని దిగాడు. ఆమె ఈల ఊది, గొంతు పెంచకుండా చెప్పింది. "గాలి ఎక్కువైంది. టెంటు కింద ఉండొద్దు. రెండు గేట్లూ తెరిచి ఉన్నాయి. నారింజ కోటువాళ్ళ వెంట నడవండి, పరుగెత్తొద్దు. గాలి తగ్గాక మళ్ళీ లోపలికే వద్దాం."

వైర్లు ఊగుతున్నాయని బాబాయ్ కరెంటు ఆపేశాడు. మైకు మూగబోయింది. టీచరు బ్యాటరీ మైకు తీసుకుని మొదటి గేటు వైపు నడుస్తూ చెబుతూనే ఉంది. అక్కడ జనం వరసగా, గొణుక్కుంటూ బయటికి వెళ్తున్నారు. రెండో గేటు దగ్గరే చిక్కొచ్చింది. ఒకావిడ తోసుకొస్తున్న పసిపిల్ల బండి చక్రం తలుపు సందులో ఇరుక్కుంది. ముందువాళ్ళు ఆగారు. వెనకవాళ్ళకు ఎందుకో తెలియలేదు. దుమ్ము కళ్ళల్లో పడుతోంది. అక్కడున్న లెక్కల మేష్టారిది అసలే మెత్తని గొంతు. ఆయన మాట నాలుగు వరసలు కూడా దాటలేదు. భుజాలు భుజాలకు తగలసాగాయి.

టీచరు మొదటి గేటు దగ్గర్నుంచి అటు చూసింది. తను వెళ్ళాలంటే గ్రౌండంతా దాటాలి.

అప్పుడే గేటు పక్క సిమెంటు బెంచీ మీద ఒక మనిషి లేచి నిలబడింది. కుడి చెయ్యి పైకెత్తి ఉంది, ఎడమ చెయ్యి పక్కనే వేలాడుతోంది.

"వెనకున్నవాళ్ళు వినండి," అంటోంది చెల్లెలు. "ముందు ఒక పిల్ల బండి ఇరుక్కుంది. తీస్తున్నారు. దారి ఉంది, అందరికీ ఉంది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి. పచ్చ చొక్కా అన్నా, మీ వెనకవాళ్ళకు చెప్పండి. పిల్ల బండి ఇరుక్కుందని చెప్పండి."

పచ్చ చొక్కా మనిషి వెనక్కి తిరిగి చెప్పాడు. ఆ వెనకావిడ తన వెనకవాళ్ళకు చెప్పింది. మాట చివరిదాకా పాకింది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. బండిని పైకి ఎత్తి అవతల పెట్టారు. చెల్లెలు చెయ్యి దించలేదు. "ఇప్పుడు రండి, మెల్లగా," అంటూ చివరి మనిషి దాటేదాకా అక్కడే నిలబడింది.

గ్రౌండు ఖాళీ అయింది. గాలి ఇంకాసేపు ఊళ వేసి, ఒక్క చినుకైనా రాల్చకుండా తూర్పుకు వెళ్ళిపోయింది. టెంటు నిలబడే ఉంది. ఒక కుర్చీ కూడా విరగలేదు.

రోడ్డు మీద జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. వార్డు మెంబరు చొక్కా దులుపుకుంటూ టీచరు దగ్గరికొచ్చాడు.

"చూశావా అమ్మా? ఏమీ కాలేదు. అనవసరంగా అందరినీ హడలగొట్టావు."

"ఏమీ కాకూడదనే కదండీ ఇంత పనీ," అంది ఆమె. "రండి, టెంటు విప్పేస్తున్నారు. బహుమతులు ఆరుబయటే ఇద్దురుగాని."

విసుక్కుని ఇంటికి పోయినవాళ్ళు పోయారు. ఎక్కువమంది వచ్చిన దారినే మళ్ళీ లోపలికొచ్చారు.

చెల్లెలు ఆ బెంచీ మీదే కూర్చుని ఉంది. టీచరు నీళ్ళ సీసా ఇచ్చి పక్కన కూలబడింది.

"లోపలికి ఎలా వచ్చావే?"

"తెలీదక్కా. బెంచీ ఎక్కాకే తెలిసింది, వచ్చానని," అంది చెల్లెలు. నీళ్ళు తాగుతూ సగం మీద పోసుకుంది. తర్వాత ఏడ్చింది. టీచరు వీపు నిమురుతూ కూర్చుంది. ఎదురుగా పిల్లలు తమ పేర్లు పిలుస్తున్నారని గెంతుతున్నారు.

తర్వాతి వారం పోటీలకు చెల్లెలు కోటు వేసుకునే వచ్చింది. అయితే మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్ళి ఊపిరి పీల్చుకుని రావాల్సి వచ్చింది. ఆఫీసరు పైవాళ్ళతో మాట్లాడి, రోజూ సాయంత్రం గ్రౌండు తెరిచి ఉంచేలా సంతకం చేయించుకొచ్చాడు. రోడ్డు మీద బంతులు ఎగరడం తగ్గింది.

ఒకరోజు ఆఫీసు మూసే వేళకు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆయన గదిలోకి వచ్చారు. ఆఫీసరు టీచరు వైపు చూసి నిట్టూర్చాడు.

"మళ్ళీ ఏమొచ్చింది మేడం?"

"నాకేం పని లేదండీ, తోడుగా వచ్చాను," అంది టీచరు.

చెల్లెలు గొంతు సవరించుకుంది.

"మీ మున్సిపల్ హాలు ఉంది కదండీ. మీటింగులు జరిగినప్పుడు దాని పక్క తలుపుకు లోపల గొళ్ళెం పెట్టి, అడ్డంగా బీరువా పెడుతున్నారట. నేను వెళ్ళి చూసొచ్చాను. నిజమే."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు. "ఏ వైపు తలుపో సరిగ్గా చెప్పండి."